తిన్నింటి వాసాలు

2024 సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మైపాడు బీచ్‌లో, బజ్జీల బండి పక్కన నిలబడి, మా బావతో గంటకు పైగా గొడవపడ్డాను. గొడవ ఫుట్‌బాల్ గురించి. నెల్లూరు తీరంలో ఫుట్‌బాల్ కోసం గొడవపడే ఇద్దరు దొరకడమే వింత. కానీ బావ నాలుగేళ్లు హైదరాబాద్‌లో నా రూమ్మేట్. 2019లో గచ్చిబౌలి స్టేడియంకి నన్ను మొదటిసారి లాక్కెళ్లింది తనే.

ఆ జనవరికి హైదరాబాద్ ఎఫ్‌సీ పరిస్థితి ఏంటంటే, జీతాలు లేవు. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పాత ఆటగాళ్ల బకాయిల కేసుల్లో ఫిఫా కొత్తవాళ్లని తీసుకోకుండా నిషేధం పెట్టింది. ఇక మనవాళ్లు కూడా కదలడం మొదలుపెట్టారు. ఆ నెల గడిచేలోపు నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సనా సింగ్ బెంగళూరుకి, మహమ్మద్ యాసిర్ గోవాకి వెళ్లిపోయారు. నేను ఫోన్‌లో వార్తలు చూసుకుంటూ "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకాలు" అన్నాను. కప్పు గెలిచినప్పుడు జెండా కప్పుకుని తిరిగారు, ఇప్పుడు టీమ్ మునుగుతుంటే దూకేస్తున్నారు అన్నాను.

బావ బజ్జీ తినడం ఆపాడు. "ఏంది రా నువ్వు అనేది? ఆ ఇంట్లో అన్నం పెడితే గదా తిన్నింటి వాసాలు. నెలల తరబడి జీతం ఈకపోతే ఆడ తినిందేంది, లెక్కబెట్టిందేంది?"

నేను ఒప్పుకోలేదు. అభిమానులం మేం వెళ్లలేదుగా అన్నాను. మేం ఓడిపోతున్న టీమ్‌ని కూడా చూస్తూనే ఉన్నాంగా. "నీకు జీతం ఎవురిచ్చారు, ఎగ్గొట్టడానికి?" అన్నాడు. ఆ మాటకి నాకు కోపం వచ్చింది. కోపం వచ్చిందంటే మాట తగలాల్సిన చోట తగిలిందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం విసురుగా ఇంటికొచ్చేశాను.

నా వైపు కథ కూడా కొంచెం చెప్పాలి. మొదటి సీజన్లో 18 మ్యాచ్‌లు ఆడి రెండే గెలిచాం. మొదటి ఇంటి మ్యాచ్‌లో కేరళ మీద గెలిచేసరికి ఇక తిరుగులేదనుకున్నాం. ఆ తర్వాత జరిగిందంతా తిరుగుడే. కోచ్ మారాడు, ఇంకో కోచ్ బార్సిలోనాకి వెళ్లిపోయాడు, మనోలో మార్కెజ్ వచ్చాడు. కోవిడ్ వల్ల రెండు సీజన్లు మొత్తం గోవాలోనే జరిగాయి. అంటే మా టీమ్ బాగా ఆడడం నేర్చుకున్నది మేం కళ్లతో చూడలేని కాలంలో. ఒగ్బెచే ఆ ఏడాది 18 గోల్స్ కొట్టాడు, ఒక్కటి కూడా గచ్చిబౌలిలో పడలేదు. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్. ఎదురుగా మళ్లీ కేరళ. స్టేడియం అంతా పసుపే, కానీ అది మా పసుపు కాదు, వాళ్లది. పట్టికలో పైనున్నందుకు పసుపు జెర్సీ మాకు దక్కింది, కేరళ వాళ్లు నల్ల జెర్సీలో ఆడారు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోల్‌తో 1-1. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమని మూడు ఆపాడు. కొండాపూర్‌లో మా రూమ్‌లో నేనూ బావా ఎగిరిన ఎగురుడుకి కింద ఫ్లాట్ ఆయన పైకి వచ్చాడు.

ఆ తర్వాత రెండేళ్లకే 22 మ్యాచ్‌లకి ఒక్క గెలుపు, 8 పాయింట్లు, పట్టికలో చిట్టచివర. ఈ రెండింటి మధ్య నలిగిన మనిషికి ఎవరో ఒకరి మీద కోపం రావాలి. నాకు ఆటగాళ్ల మీద వచ్చింది. ఓనర్ల మీద ఎందుకు రాలేదు? అంటే వాళ్లనీ తిట్టాను, కానీ తిట్టిన తీరు వేరు. ఓనర్లని అసమర్థులన్నాను, డబ్బు లెక్క తెలీదన్నాను. ద్రోహులు అనలేదు. ద్రోహం అనే మాట మాత్రం నెల జీతం కోసం ఎదురుచూస్తున్న కుర్రాళ్లకి దాచిపెట్టాను.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆలోచిస్తే, అది ఫుట్‌బాల్ నుంచి రాలేదు. మా ఊరి నుంచే వచ్చింది.

బావ వాళ్ల నాన్న, అంటే మా మామ, బోటు మీద పనిచేసేవాడు. వేట సీజన్ ముందు ఓనరు అడ్వాన్సు ఇస్తాడు. అమ్మిన చేపల డబ్బులో డీజిలు, ఐసు ఖర్చు తీసేస్తారు, బోటుకీ ఇంజనుకీ వలకీ వాటాలు పోతాయి, మిగిలింది మనుషులు పంచుకుంటారు. అడ్వాన్సు మాత్రం అట్లాగే నిలబడి ఉంటుంది. అది తీరేలోపు పెళ్లో జబ్బో వచ్చి ఇంకొంచెం పెరుగుతుంది. వేరే బోటుకి పోవాలంటే కొత్త ఓనరు వచ్చి పాత ఓనరుకి ఆ డబ్బు కట్టి మనిషిని తీసుకుపోవాలి. ట్రాన్స్‌ఫర్ ఫీజు అన్న మాట నేను ఇంజనీరింగ్‌లో ఉండగా విన్నాను. ఆ పద్ధతి మాత్రం మా ఇంట్లో అంతకుముందే ఉంది.

తొంభైల మొదట్లో మామ అత్త కమ్మలు తాకట్టు పెట్టి అడ్వాన్సు తీర్చేసి మద్రాసు కాశిమేడుకి వెళ్లిపోయాడు. అక్కడ పెద్ద బోట్లు, వాటా ఎక్కువ. ఊళ్లో నాలుగైదేళ్లు ఆయన పేరు చెడింది. 'తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు' అన్న మాట నేను మొదట విన్నది మా మామ గురించే, అదీ మా అమ్మ నోటి నుంచి, ఆమె సొంత తమ్ముడి గురించి. అదే కాలంలో ఆ ఓనరు బోటు అమ్మేసి, ఆ డబ్బుతో రొయ్యల గుంటలు తవ్వించాడు. అప్పుడు జిల్లా తీరమంతా రొయ్యల పిచ్చి పట్టి ఉంది. ఆ బోటు మీద బతికే మనుషులు ఏమైపోవాలని ఎవరూ అడగలేదు. తెలివైనోడు, ముందుచూపున్నోడు అన్నారు. గుంటలకి వైరస్ తగిలి నష్టపోయాక కూడా 'పాపం' అన్నారే గానీ 'ద్రోహి' అనలేదు.

అంటే బోటు అమ్మడం వ్యాపారం, బోటు దిగిపోవడం నమ్మకద్రోహం. ఈ లెక్కనే నేను గచ్చిబౌలి దాకా మోసుకొచ్చాను.

యూరప్ కూడా ఈ లెక్క మార్చుకోడానికి చాలా కాలమే తీసుకుంది. ఝాన్ మార్క్ బోస్మన్ అని ఒక మామూలు బెల్జియం ఆటగాడు. 1990లో లియేజ్ క్లబ్‌తో అతని ఒప్పందం అయిపోయింది. ఫ్రాన్స్‌లో డంకెర్క్ క్లబ్‌కి పోదామనుకున్నాడు. ఒప్పందం అయిపోయినా సరే, డబ్బు కడితేనే వదుల్తాం అంది పాత క్లబ్. అతను కోర్టుకెళ్లాడు. 1995 డిసెంబర్ 15న యూరోపియన్ కోర్టు తీర్పిచ్చింది: గడువు తీరిన ఆటగాడు యూరోపియన్ యూనియన్‌లో ఇంకో దేశం క్లబ్‌కి పోతే పాత క్లబ్ ఫీజు అడగడానికి వీల్లేదని. ఇవాళ వందల కోట్లకి సంతకాలు పెట్టే ఆటగాళ్లంతా అతని పుణ్యాన తింటున్నవాళ్లే. అతని ఆట మాత్రం ఆ కేసుతోనే ముగిసిపోయింది.

ఇక్కడ నాకొక అడ్డం వస్తుంది. అది తప్పించుకోకూడదు. అందరూ పోయాక కూడా బ్రెజిల్ నుంచి వచ్చిన జావో విక్టర్ ఉండిపోయాడు. కెప్టెన్. చుట్టూ ఇరవై ఏళ్ల కుర్రాళ్లని పెట్టుకుని ఆడాడు. ఆ సీజన్లో గెలిచిన ఒకే ఒక్క మ్యాచ్ 2024 మార్చిలో చెన్నైలో, 1-0. ఆ రాత్రి నేను ఫైనల్ రోజుకన్నా ఎక్కువ సంతోషపడ్డానంటే అతిశయోక్తి కాదు. విక్టర్ ఉండిపోవడం గొప్ప సంగతే. మరి ఉండడం గొప్పయితే వెళ్లడం తక్కువ కాదా?

కాదనుకుంటున్నాను, ఇప్పుడు. మెచ్చుకోదగ్గది వేరు, అడిగి పుచ్చుకోదగ్గది వేరు. ఎవరైనా తన కిడ్నీ ఇస్తే దణ్ణం పెడతాం. ఇవ్వలేదని పక్కింటాయన్ని తిట్టం. విక్టర్ ఇచ్చింది దానం. దానాన్ని బాకీ కింద రాసుకుని మిగతావాళ్ల దగ్గర వసూలు చేయబోయాను నేను. పైగా ఉండిపోయిన కుర్రాళ్లందరిదీ విధేయతే అని ఎట్లా చెప్పగలం? కొందరికి పిలిచే క్లబ్ ఉండకపోవచ్చు. మామ ఊళ్లో ఉన్న పదేళ్లూ విధేయుడని పేరు. నిజానికి ఆ పదేళ్లూ ఆయన దగ్గర అడ్వాన్సు తీర్చే డబ్బు లేదు, అంతే.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో రాసిన 'ఎగ్జిట్, వాయిస్ అండ్ లాయల్టీ' అని చిన్న పుస్తకం ఒకటుంది. ఒక సంస్థ చెడిపోతుంటే అందులోని మనిషికి రెండు దార్లు: వెళ్లిపోవడం, నోరు తెరవడం. విధేయత చేసే పనల్లా ఆ వెళ్లిపోవడాన్ని కాస్త ఆలస్యం చేసి, నోరు పనిచేయడానికి సమయం ఇవ్వడం. నాకు అర్థమైనంతలో దీని నుంచి తేలేది ఒకటుంది: నోటికి విలువలేని చోట విధేయత అడగడం అంటే ఊరికే కట్టేసి ఉంచడమే. ఆటగాళ్లు అడిగారు, ఫిఫా దాకా వెళ్లారు. అడిగినా పలకనప్పుడు వెళ్లారు. నేను కూడా ఒకసారి ఇదే చేశాను. రెండు నెలలు జీతం పడని ఒక స్టార్టప్‌లో, 'మనమంతా ఒక ఫ్యామిలీ' అన్న మేనేజర్‌కి రాజీనామా మెయిల్ పెట్టి బయటికొచ్చాను. ఒక్క క్షణం కూడా నన్ను నేను ద్రోహి అనుకోలేదు. నోటీస్ పీరియడ్ ఎట్లా తగ్గించుకోవాలా అని మాత్రమే ఆలోచించాను. బావకి ఇదంతా తెలుసు. ఆ రోజు బీచ్‌లో ఈ మాట ఎత్తకుండా వదిలేశాడు. అది ఆయన మంచితనం.

మరి అభిమాని సంగతి? నాకు ఒప్పందం లేదు, బకాయి లేదు, ఫిఫాకి వెళ్లే దారి లేదు. వెళ్లిపోవడం కూడా కష్టమే, బెంగళూరు టీమ్‌ని ప్రేమించమంటే ఎట్లా కుదురుతుంది? కాబట్టి అందరికన్నా ఎక్కువ నష్టపోయింది నేనే అనుకునేవాణ్ణి, 2025 దాకా. 2024లో టీమ్‌ని బీసీ జిందాల్ గ్రూప్ తీసుకుంది. మరుసటి ఏడాది టీమ్ ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. ఈసారి ఆటగాళ్లు కాదు, ఇల్లే వెళ్లిపోయింది, వాసాలతో సహా.

ఆ వార్త చూసి బాధపడుతూ పాత సంగతులు వెతుక్కుంటుంటే నాకు ఎప్పుడూ పట్టని విషయం ఒకటి గుర్తొచ్చింది. హైదరాబాద్‌కి ఈ టీమ్ 2019 ఆగస్టులో ఎట్లా వచ్చింది? ఎఫ్‌సీ పూణే సిటీ మూతపడితే ఆ స్థానంలో వచ్చింది. ఆటగాళ్లలో చాలామంది అక్కడివాళ్లే. పూణేలో అయిదేళ్లు బాలెవాడి స్టేడియంకి వెళ్లి అరిచిన మనుషులుంటారు కదా, వాళ్లు ఆ ఏడాది ఏం చేశారు? నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మాకు టీమ్ వచ్చింది, పసుపు జెర్సీ కొనుక్కున్నాను. అదే నెలలో ఢిల్లీ డైనమోస్ ఢిల్లీ వదిలి భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే ఇప్పుడు మా టీమ్ అందుకున్న ఢిల్లీ వాళ్లు కూడా ఒకప్పుడు పోగొట్టుకున్నవాళ్లే.

ఇంగ్లాండ్‌లో వింబుల్డన్ క్లబ్‌ని మిల్టన్ కీన్స్ తరలించడానికి 2002లో అనుమతి వస్తే అభిమానులే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని కొత్త క్లబ్ పెట్టుకుని కింది స్థాయి నుంచి మొదలుపెట్టారు. వాళ్లకి వందేళ్ల పైబడిన చరిత్ర ఉంది. మాకు ఆరేళ్లుంది, అందులో రెండు గోవాలో. హైదరాబాద్‌కి అంతకన్నా పాత ఫుట్‌బాల్ చరిత్ర లేదని కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 54 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన ఊరిది, రహీం సాబ్ ఊరు. సికింద్రాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోతే, ఇవాళ ఆయన్ని మనవాడే అని గర్వంగా చెప్పుకుంటాం. వెళ్లినవాళ్లని క్షమించడానికి మనకి అరవై ఏళ్లు చాలినట్టుంది.

పూణే వాడెవడైనా 2022 మార్చిలో మా ఫైనల్ చూశాడా, చూస్తే ఎవరు గెలవాలనుకున్నాడు అన్నది తెలుసుకోవాలని ఉంది. ఇప్పుడు నాకు ఢిల్లీ మీద ఏమనిపించాలో అతన్ని అడగొచ్చు.

ఈ సంక్రాంతికి మైపాడు వెళ్లినప్పుడు మామ వరండాలో వల బాగుచేసుకుంటూ ఉన్నాడు. డెబ్భై దాటాయి, వేటకి వెళ్లడం మానేశాడు. కాశిమేడు సంగతి అడిగాను, ఊళ్లో అన్న మాటలకి బాధపడ్డావా మామా అని. "బాధేముంది అబ్బయ్యా. మీ అమ్మ అనింది, అదొక్కటే" అన్నాడు. బావ లోపల్నుంచి విని ఏం మాట్లాడలేదు. అమ్మకి ఈ మాట చెప్పాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు.