‘మొదలైనవి’ అనే మాటకు అర్థం ఎవరు చెప్పాలి?

ఆస్తిని వదిలేసిన మనిషి ఆస్తికి ధర్మం చెప్పొచ్చా? విజ్ఞానేశ్వరుడి గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ముందుగా తట్టే ప్రశ్న ఇదే. మా కోహీర్ నుంచి జహీరాబాద్ మీదుగా ముంబై రోడ్డు పట్టుకుని పడమరకు వెళితే, హుమ్నాబాద్ దాటాక బసవకల్యాణ్ వస్తుంది. అదే ఒకప్పటి చాళుక్యుల కల్యాణి. ఆరవ విక్రమాదిత్యుడి కాలంలో (1076–1126) యాజ్ఞవల్క్య స్మృతికి ‘మితాక్షర’ అనే వ్యాఖ్య అక్కడ పుట్టింది. రాసినాయన పద్మనాభ భట్టోపాధ్యాయుడి కొడుకు, సన్యాసి. ఆయన జీవితం గురించి మనకు మిగిలింది దాదాపు ఇంతే. అన్నీ విడిచిన ఆ మనిషి మాట బెంగాల్ వైపు తప్ప దేశంలో చాలా చోట్ల ఎనిమిది వందల ఏళ్లకు పైగా ఇళ్లలో పంపకాలను శాసించింది. పదమూడో శతాబ్దంలో కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. సాహిత్య చరిత్రలో ఆ పేరు చదివి ముందుకు వెళ్లిపోతాం.

ఆయన చేసిన ఒక పని దగ్గర మనం ఆగాలి. స్మృతి స్త్రీధనాన్ని లెక్కపెడుతూ తల్లిదండ్రులు, భర్త, అన్నదమ్ములు ఇచ్చినవి, పెళ్లినాడు అగ్ని ముందు వచ్చినవి చెప్పి చివర ‘ఆద్యం’ అంటుంది. అంటే ‘మొదలైనవి’. ఆ ఒక్క మాటలోకి ఆయన వారసత్వంగా వచ్చింది, కొన్నది, పంపకంలో దక్కింది, దొరికింది అన్నీ చేర్చాడు. స్త్రీకి చెందిన ధనమంతా స్త్రీధనమే అన్నాడు. అంతకు సుమారు నూరేళ్ల ముందు జర్మనీలోని మైంజ్‌లో రబ్బీ గెర్షోమ్, భార్య ఒప్పుకోకుండా విడాకులు ఇవ్వకూడదని కట్టడి చేశాడని యూదుల సంప్రదాయం చెబుతుంది. పవిత్ర గ్రంథాన్ని కాదనకుండానే దాని పట్టు సడలించడం ఇద్దరికీ తెలుసు.

అయినా విజ్ఞానేశ్వరుణ్ణి స్త్రీల పక్షపాతిగా నిలబెట్టడానికి నాకు మనసొప్పదు. తాతతండ్రుల ఆస్తిలో పుట్టుకతోనే హక్కు వస్తుందన్న సూత్రాన్ని స్థిరపరిచిందీ ఆయనే. ఆ పుట్టుక కొడుకులది మాత్రమే. కూతురు కూడా ఆ ఇంట్లోనే పుట్టింది కదా!

తర్వాతి కథ ఇంకా చేదు. 1810లో కోల్‌బ్రూక్ మితాక్షరలోని వారసత్వ భాగాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆ మాట చదివి కూడా ప్రివీ కౌన్సిల్, 1867లో భర్త నుంచి సంక్రమించిన ఆస్తి, 1903లో తల్లి నుంచి కూతురికి సంక్రమించిన ఆస్తి స్త్రీధనం కావని తీర్పు చెప్పింది. బతికినన్నాళ్లు అనుభవించడమే ఆమె వంతు. 1956 చట్టం 14వ సెక్షన్‌తో గానీ ఆమెకు సంపూర్ణ హక్కు రాలేదు. జన్మహక్కును 1985లో పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, 2005లో కూతుళ్లందరికీ దేశం ఒప్పుకున్నాయి.

ఉదారుడైన వ్యాఖ్యాత ఇచ్చింది, ఉదారత లేని వ్యాఖ్యాత తీసేసుకోగలడు. ఎవరి బతుకు గురించి ఆ వ్యాఖ్యానమో వాళ్లకి అందులో నోరు లేనంత కాలం అది దయే తప్ప న్యాయం కాదు.

ఇప్పుడు చట్టం ఉంది. కానీ ప్రతి ఇంట్లోనూ ఒక వ్యాఖ్యాత ఉన్నాడు. “కట్నం ఇచ్చాం కదా, అదే నీ వాటా” అనే అన్న కూడా స్త్రీధనానికి అర్థం చెబుతున్నవాడే. పుట్టింటి గడప దూరమవుతుందని భయపడి, హక్కు వదులుకుంటున్నానని రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకం పెట్టే చెల్లెలిది ఇష్టమా, ఆ అర్థానికి లొంగడమా? ఆమెను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆ గడపకు ఆమె కట్టే వెల, అన్నదమ్ములు ఎన్నడూ కట్టక్కర్లేనిది.

సాహిత్యం బోధించే మనం చేయగల చిన్న పని ఒకటుంది. కేతనను ఛందస్సు కోసమే కాక, స్త్రీధనం కోసం కూడా తరగతిలో చదివిద్దాం. ‘మొదలైనవి’లో ఏమేం ఉండాలో అమ్మాయిల్నే చెప్పమందాం.