కంపెనీల విలీనం, ఊరికి బాకీ

ఏ రకం విమానాన్ని ఏ దారికి కేటాయించాలన్నది గణితం తేల్చే విషయమనీ, నీతిశాస్త్రానికి అక్కడ పని లేదనీ ఒక వాదన ఉంది. తీసిపారేయదగిన వాదన కాదు. ఖాళీ సీట్లతో పెద్ద విమానం ఎగరటం సమాజ సంపదను తగలెయ్యటమే. సోషలిస్టు ప్రభుత్వం నడిపినా అది దండగే. అయితే ఆ లెక్కలో ఎవరి నష్టం చేరుతుంది, ఎవరిది చేరదు అన్నది మాత్రం గణితం తేల్చదు.

అమెరికాలో సెయింట్ లూయిస్ నగరం చాలాకాలం టి.డబ్ల్యు.ఏ. కంపెనీకి కూడలిగా ఉండేది. కూడలి విమానాశ్రయమంటే రైల్వే జంక్షను వంటిదే. నాలుగు దిక్కుల నుంచీ విమానాలు ఒకే వేళకు వచ్చి వాలితే, ప్రయాణీకులు ఒకదానిలోంచి దిగి మరొకదానిలోకి ఎక్కుతారు. ఊరివాళ్ళతో మాత్రమే నిండని పెద్ద విమానం ఈ దారిన పోయేవాళ్ళతో నిండుతుంది. ఈ సంగతి ఊరు మరచిపోతుంది, కంపెనీ మరచిపోదు.

రద్దీ ఇంకా పెరుగుతుందని నమ్మి విమానాశ్రయానికి కొత్త రన్‌వే తలపెట్టారు. దానికోసం పక్కనున్న బ్రిడ్జిటన్‌లో సుమారు 2,000 ఇళ్ళు కొని కూల్చారు. బ్రిడ్జిటన్ పురపాలకులు కోర్టుకెక్కి ఓడిపోయారు. ఖర్చు 100 కోట్ల డాలర్ల పైమాట.

ఇంతలో 2001లో, దివాలా తీసిన టి.డబ్ల్యు.ఏ.ను అమెరికన్ ఎయిర్‌లైన్స్ కొన్నది. ఆ కంపెనీకి దాదాపు 400 కిలోమీటర్ల దూరంలోని షికాగోలో అప్పటికే కూడలి ఉంది. అంత దగ్గరలో రెండెందుకు? ఆ ఏడు సెప్టెంబరు ఘోరం తరవాత ప్రయాణీకులు కూడా తగ్గారు. 2003 నవంబరులో, రోజుకు 400 పైచిలుకు ఉన్న విమానాలను సుమారు 200కు కోసేశారు. మిగిలినవాటిలో ఎక్కువ 50 సీట్లో, అంతకన్న తక్కువో ఉన్న చిన్న జెట్లు. టి.డబ్ల్యు.ఏ. నుంచి వచ్చిన బోయింగ్ 717లు కొత్తవే అయినా, తమ దండులో ఇమడవని కంపెనీ వదిలించుకుంది. రన్‌వే 2006లో తెరిచారు!

డెల్టా, నార్త్‌వెస్ట్ 2008లో కలిశాక 2013లో మెంఫిస్‌కూ, యునైటెడ్, కాంటినెంటల్ 2010లో కలిశాక 2014లో క్లీవ్‌లాండ్‌కూ ఇదే గతి పట్టింది.

టి.డబ్ల్యు.ఏ. ఎలాగూ మునిగేదే కదా, కొన్నవాడి తప్పేమిటి అంటారు. నిజమే, కొనకపోతే ఆ కూడలి ఇంకా ముందే పోయేదేమో. కాని లాభాల రోజుల్లో ఊరిని భాగస్వామి అని పిలిచినవారు నష్టాల రోజున దాన్ని ఒట్టి మార్కెట్టు చేయటం ఏ న్యాయం? విమానానికి రెక్కలున్నాయి. కూల్చిన ఇంటికి లేవు.

మనకు చేదుగా ఉండే విషయం మరొకటుంది. టి.డబ్ల్యు.ఏ. విమాన పరిచారికలను సీనియారిటీ జాబితాలో అట్టడుగున పెట్టింది అమెరికన్ పరిచారికల సొంత యూనియనే. ఇరవై, ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఉన్నవారు నిన్న చేరినవారి కింద పడ్డారు. 2003 నాటికి దాదాపు అందరూ పనిలోంచి తొలగించబడ్డారు. యజమాని కత్తి తెస్తే, ఎవరి మెడ ముందో చూపింది కార్మిక సంఘం. తమ సభ్యులను కాపాడుకోవటం దాని ధర్మమే అనేవారున్నారు. నేను ఒప్పుకోను. వర్గం అనే మాటకు కంపెనీ గేటు దగ్గర అర్థం మారిపోతే ఇక ఆ మాట ఎందుకు?

విలీనం తనంతట తాను పాపమని నేననను. 1953లో మన దేశంలో విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు, బేగంపేట కేంద్రంగా నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. హైదరాబాదు విమానాల సంగతి ఆనాటి నుంచీ ఢిల్లీలోనే తేలేది. కాని ఆ నిర్ణయాన్ని పార్లమెంటులో నిలదీసే దారి ఉండేది. (2022లో ఎయిరిండియా టాటాల పరమయ్యాక ఆ దారి కూడా మూసుకుపోయింది.)

బ్రిడ్జిటన్ గృహస్థుకు అదీ లేదు. విమానాశ్రయం సెయింట్ లూయిస్ నగరానిది గనుక దాని పాలకులపై అతనికి ఓటైనా లేదు. ప్రజల భూమి మీద కూడలి కట్టించుకునేనాడే కంపెనీ, ఇన్నేళ్ళు విమానాలు నడుపుతాననీ, మధ్యలో మానుకుంటే కట్టడపు ఖర్చులోనూ, ఇళ్ళు పోయినవారి నష్టంలోనూ వాటా భరిస్తాననీ రాసి ఇవ్వాలి. తరవాత దాన్ని కొన్న కంపెనీకి కూడా ఆ షరతు వర్తించాలి.