మన రోగం వివరాలు ఎవరి సొత్తు?



ఆస్పత్రిలో చీటీ రాయించుకుంటే మన పేరు, వయసు, ఊరు, జబ్బు ఒకచోట నమోదవుతాయి. రక్తపరీక్ష ఫలితం మరొకచోట, మరణం సంభవిస్తే అది ఇంకొకచోట. వైద్యం కోసం, లెక్కల కోసం రాసుకున్న ఈ వివరాలను జతచేసి, మనల్ని అడగకుండా అంటువ్యాధుల పరిశోధనకు వాడవచ్చునా?

2020లో ఇంగ్లండులో ఇదే జరిగింది. కోవిడ్ ప్రబలిన వేళ 'ఓపెన్‌సేఫ్‌లీ' అనే ఏర్పాటు ద్వారా కోటీ 72 లక్షలమందికి పైగా పెద్దల వైద్య రికార్డులను కోవిడ్ మరణాల నమోదుతో కలిపి చూశారు. 80 ఏళ్లు దాటినవారికి, యాభైలలో ఉన్నవారికంటే మరణ ప్రమాదం 20 రెట్లకు మించి ఉందని తేలింది. ఇతర జబ్బులు, పేదరికం లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా దక్షిణాసియావారికి తెల్లజాతివారికంటే ప్రమాదం సుమారు 45 శాతం ఎక్కువ. అక్కడ మన తెలుగువారూ ఉన్నారు గదా! అయితే ఎవరినీ విడివిడిగా అనుమతి అడగలేదు.

మనిషిని కేవలం సాధనంగా వాడరాదన్నాడు కాంట్. ఆ 'కేవలం' అన్న మాటను చాలామంది మరచిపోతారు. బస్సెక్కిన మనకు డ్రైవరు ఒక సాధనమే. అతడూ మనిషేనని గుర్తున్నంతవరకు అందులో దోషం లేదు. ఇంకొకటి చూడండి. ఒప్పుకున్నవారి వివరాలే తీసుకుంటే సంతకానికి జంకేవారు, చదువురానివారు, ఒక్కసారి వచ్చి మళ్ళీ కనిపించని వలసకూలీలు లెక్కలోంచి జారిపోతారు. రోగం ఎక్కువగా పట్టి పీడించేది వారినే. కనుక అంటువ్యాధి విషయంలో వాడవచ్చుననే నా అభిప్రాయం.

కాని పేరు కొట్టేస్తే చాలదు. "ఫలానా పల్లె, 34 ఏళ్ల వితంతువు, క్షయ" అంటే ఇక పేరెందుకు? ఆమె కూతురికి వచ్చిన సంబంధం వెనక్కి పోవడానికి ఆ మూడు ముక్కలు చాలు. ఇంగ్లండువారు ఇక్కడ జాగ్రత్తపడ్డారు. రికార్డులను ఉన్నచోటనే ఉంచారు. పరిశోధకులు తమ ప్రశ్నలను అక్కడికి పంపితే మొత్తాల లెక్కలు మాత్రమే బయటికి వచ్చాయి. ఎవరు ఏ లెక్క అడిగిందీ అందరికీ కనబడేలా ప్రకటించారు. ఆ దేశంలోనే అంతకుముందు 'కేర్ డాట్ డేటా' అనే పథకం, జనానికి సరిగా చెప్పలేదన్న అపనమ్మకం ముదిరి, 2016లో మూతపడింది.

మన దేశంలో ప్రతి క్షయరోగి వివరమూ ప్రభుత్వానికి తెలపాలన్న నియమం 2012లో వచ్చింది. అవి 'నిక్షయ్' అనే కంప్యూటరు పట్టికలో చేరతాయి. పోషకాహారానికి ఇచ్చే నెలకు 500 రూపాయలను 2024 నవంబరు నుండి 1000 చేశారు. అందుకని బ్యాంకు ఖాతా నంబరు కూడా తీసుకుంటారు. డబ్బు సంగతి రోగికి చెబుతారు. ఆ వివరాలు రేపు పరిశోధనకు పనికిరావచ్చునన్న సంగతి ఎంతమంది చెబుతున్నారు?

మన విచారణలలో నర్సులున్నారు, ఆశా కార్యకర్తలున్నారు. అమ్మా, మీరు రోగి పేరు రాసుకునేటప్పుడు అది ఎక్కడికి వెళుతుందో, ఎవరు చూడగలరో తెలుగులో రెండు మాటలు చెప్పండి. మీకే తెలియకపోతే పై అధికారిని అడగండి. ఆ మాటలు కూడా, మంచం పక్కన చుట్టాలు లేనప్పుడు చెప్పండి.