సమాచారదాత నంబరు 4

మా దాదీమా నా పరిశోధనలో 'సమాచారదాత నంబరు 4'. వయసు 74, స్త్రీ, ముస్లిం, నిరక్షరాస్యురాలు, నివాసం షంషాబాద్ మండలం. అనుబంధంలోని ఒక పట్టికలో ఆమె గురించి ఉన్నదంతా ఇంతే. ఆ పట్టిక నింపింది నేనే. ఆమె మంచం మీద కూర్చుని, ఆమె పెట్టిన చాయ్ తాగుతూ నింపాను.

2012లో నేను ఎం.ఫిల్. కోసం రాసిన సిద్ధాంత వ్యాసం జహంగీర్ పీర్ దర్గా గురించి. షంషాబాద్ దాటి బెంగుళూరు రోడ్డు మీద పోతే కొత్తూరు వస్తుంది. దానికి దగ్గర్లో ఇన్ముల్‌నర్వ. దర్గా ఆ ఊళ్లో ఉంది. మొక్కు తీరితే మేకపోతును తీసుకెళ్లి అక్కడే కోసి, వండి, ఫాతెహా ఇప్పించి, పదిమందికీ పెడతారు. దాన్ని కందూరు అంటారు. కందూరు చేసేవాళ్లలో మేమూ ఉంటాం, గొల్లలూ ఉంటారు, మాదిగలూ ఉంటారు, రెడ్లూ ఉంటారు. నాకు పుట్టువెంట్రుకలు తీసింది అక్కడే. మా భాయిజాన్‌కు జ్వరం తగ్గితే కందూరు చేసింది అక్కడే.

నా మొదటి ముసాయిదాలో 'మేం కందూరు చేస్తాం' అని రాశాను. మా గైడుగారు ఎర్రసిరాతో 'మేం'ను కొట్టేసి 'వారు' అని రాసిచ్చారు. శాస్త్రీయంగా ఉండాలన్నారు. మార్చాను. 'వారు కందూరు చేస్తారు. వారి విశ్వాసం ప్రకారం పీరు కోరికలు తీరుస్తాడు.' ఆ 'వారు'లో అమ్మీ ఉంది, అబ్బా ఉన్నాడు, దాదీమా ఉంది. నేనూ ఉన్నాను. ఒక్క మాట మార్చేసరికి నేను మా ఇంటి గడప బయటికి వచ్చి, కిటికీలోంచి నన్నే తొంగి చూస్తున్నట్టయింది.

సొంతవాళ్ల గురించి చదువు కోసం రాసేటప్పుడు ఎంత దూరంలో నిలబడాలి? ఆ దూరాన్ని ఎవరు కొలవాలి? ఈ ప్రశ్న నా ఒక్కదానిది కాదు. దళితుల ఇళ్లనుంచీ, లంబాడా తండాలనుంచీ, ముస్లిం బస్తీలనుంచీ విశ్వవిద్యాలయాలకు వెళ్లిన మొదటి తరం పిల్లలందరిదీ.

దూరం తప్పని నేను అనను. హైదరాబాదుకు ఈ చివర షంషాబాద్ అయితే ఆ చివర షామీర్‌పేట. ఎస్.సి. దూబే ఉస్మానియానుంచి వెళ్లి ఆ ఊరిని పరిశీలించి రాసిన 'ఇండియన్ విలేజ్' 1955లో వచ్చింది. సామాజిక శాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఆ పేరు తెలుసు. అందులో ఆ ఊరి కులాలున్నాయి, ముస్లింలూ ఉన్నారు. దూబే 'వారు' అని రాయడంలో తప్పేముంది? ఆయనకు వాళ్లు వారే. ఆ దూరం ఆయనకు పుట్టుకతో ఉంది. నాకు లేదు. నేను దాన్ని అద్దెకు తెచ్చుకోవాల్సి వచ్చింది.

అయితే ఆ అద్దె దూరం నాకు మేలు కూడా చేసింది. అది చెప్పకపోతే నేను అబద్ధమాడినట్టే.

మా ఖాందాన్ అరబ్బు దేశంనుంచి వచ్చిందని చిన్నప్పటినుంచీ వింటున్నాను. ముందుమాటలో గర్వంగా అదే రాశాను. గైడుగారు పక్కన 'ఆధారం?' అని ఒక్క మాట రాశారు. దాదీమాను అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అటక వైపు చూపించింది. పాత గోనెపట్టాల కింద దూది ఏకే విల్లు ఉంది. "మా మామ ఊరూరు తిరిగి దూది ఏకెటోడు బిడ్డా. పరుపులు కుట్టెటోడు. నీ తాత పట్నం పోయి నౌకరి జేసి షేక్ అని రాయించుకున్నడు" అంది.

పింజారి అన్నది తెలుగులో ఒక తిట్టు. పని చేసుకుని బతికే మనుషుల పేరును తిట్టు చేసిన భాషలో మా తాత తన పేరు దాచుకోవడం నాకు అర్థమవుతుంది. కానీ దాచింది తెలుగు తిట్టుకు భయపడి మాత్రమే కాదు. ముస్లింలందరూ సమానమని చెప్పుకునే మనలోనే దూదేకులవాళ్లకు పిల్లనివ్వని ఇళ్లున్నాయి. ప్రభుత్వ జాబితాలో దూదేకుల బి.సి.-బి. మన ఇళ్ల లోపలి జాబితాలో వాళ్ల స్థానమేమిటో మనం ఎక్కడా రాయం. నా 'మేం' అన్న మాట కింద ఇన్నాళ్లూ దాగిఉన్నది ఆ విల్లు. గైడుగారు ఆధారం అడగకపోతే అది అటక దిగేది కాదు.

అదే ప్రశ్న ఇంకోచోట ఇంకోలా పనిచేసింది.

1948 సెప్టెంబరులో, పోలీసు చర్య రోజుల్లో, దాదీమాకు పదేళ్లు. "జొన్నచేన్ల రెండు రాత్రులు దాక్కున్నం. కుమ్మరోళ్లు గట్క తెచ్చి పెట్టిండ్రు. మా చిన్నాయిన మాత్రం మల్ల రాలే" అని చెప్పింది. అది రాస్తే పక్కన మళ్లీ 'ఆధారం?' అన్న మాటే వచ్చింది. కాగితం లేదు. మౌఖిక సమాచారం, ధ్రువీకరణ లేదని ముందు అధోజ్ఞాపికలోకి నెట్టాను. తర్వాత అక్కడినుంచీ తీసేశాను. రజాకార్ల దౌర్జన్యాల గురించి పుస్తకాలున్నాయి, ఉండాలి కూడా. వాటికి ఆధారం చూపమని నన్నెవరూ అడగలేదు.

2013లో ఎ.జి. నూరానీ రాసిన హైదరాబాద్ పుస్తకం వచ్చింది. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు పోలీసు చర్య తర్వాత సంస్థానంలో తిరిగి భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికను ఆయన అందులో అచ్చువేశారు. తక్కువలో తక్కువ 27 వేలనుంచి 40 వేలమంది చనిపోయి ఉంటారని వాళ్ల అంచనా. ప్రభుత్వం దశాబ్దాలపాటు దాన్ని బయటపెట్టలేదు. ఆ నివేదికలో ఎక్కువగా ఉన్నది మరాఠీ, కన్నడ జిల్లాల సంగతి. మా చిన్న దాదా అందులో లేడు. కానీ అది చదివాక నాకొకటి తెలిసింది. 'ఆధారం లేదు' అనే మాట వేరు, 'ఆధారం బీరువాలో ఉంది, తాళం వాళ్లదగ్గరుంది' అనే మాట వేరు. దాదీమాలాంటి వాళ్లకు నోరే బీరువా. ఆ నోటిమాటను నేను అధోజ్ఞాపికలో కూడా ఉండనివ్వలేదు.

ఈ రెండూ గైడుగారు పెట్టిన ప్రశ్నలవల్ల జరిగినవి. మూడోది మాత్రం పూర్తిగా నా పని. అది మా భాయిజాన్ సంగతి.

2008 మార్చిలో షంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. సుమారు 5,500 ఎకరాలు. మేకలు మేసిన బీళ్లు, సీతాఫలం చెట్లున్న గుట్టలు గోడ లోపలికి పోయాయి. దాదీమా ఏ కథ చెప్పినా 'ఆ రాయి కాడ', 'ఆ కుంట కాడ' అనేది. ఇప్పుడు వాటిమీద విమానాలు దిగుతున్నాయి. పదో తరగతితో చదువు ఆపేసిన మా భాయిజాన్ అక్కడే టాక్సీ నడుపుతున్నాడు. హజ్ యాత్రికులనూ, గల్ఫ్‌నుంచి వచ్చేవాళ్లనూ, అమెరికా చదువులకు పోయే పిల్లలనూ ఎక్కించుకుంటాడు. రాత్రి డ్యూటీల మధ్య మసీదులో కొందరు స్నేహితులయ్యారు. గడ్డం పెంచాడు. ఐదు పూటలా నమాజు తప్పడు. దర్గాకు పోయి మొక్కడం షిర్క్ అంటాడు. కందూరు అన్నం ముట్టడు. ఈ విషయం మీద దాదీమాకూ అతనికీ చాలాసార్లు మాటామాటా అయింది.

కానీ దాదీమా దర్గాకు పోవాలంటే తీసుకుపోయేది భాయిజానే. కారు బయట ఆపి, ఆమెను రెక్క పట్టుకుని దించి, చెప్పులు తొడిగి, తను కారులోనే కూర్చుంటాడు. ఆమె వచ్చేదాకా కదలడు. తబర్రుక్ పొట్లం ఆమె ముందు సీట్లో పెడితే కాదనడు, తినడు. ఇంటికి తెచ్చి అమ్మీకి ఇస్తాడు.

నా సిద్ధాంత వ్యాసంలో భాయిజాన్ లేడు. ఒక్క వాక్యంలో కూడా లేడు. ఎందుకంటే నా అంశం 'ఉమ్మడి సంస్కృతి'. అతనొస్తే నా వాదన చెడుతుంది.

లౌకికవాద మిత్రులారా, మీతో ఒక మాట. మీకు దర్గాకు వచ్చే ముస్లిం ఇష్టం. పీర్లెత్తే ముస్లిం ఇష్టం. ఖవ్వాలీ ఇష్టం, హలీం ఇష్టం. గడ్డం, టోపీ కనిపిస్తే మాత్రం మీకు లోపల ఎక్కడో బెరుకు. మీరు మెచ్చే ముస్లింని మీముందు పెట్టి, మీరు మెచ్చనివాణ్ణి నేను దాచాను. నాకు మంచి మార్కులొచ్చాయి. ముస్లిం సోదరులారా, మీతోనూ ఒక మాట. మనలో కొందరికి మా దాదీమా అజ్ఞానురాలు. ఆమె పోయిన దారి తప్పుదారి. ఆమెను సరిదిద్దాలి లేదా దాచాలి. ఇద్దరూ కలిసి చేసేది ఒకే పని. ఒకే కారులో వచ్చిన ఇద్దరిలో ఒకరిని రోడ్డుమీద దించేస్తున్నారు. నిజానికి నేను రాయాల్సింది ఆ కారు గురించే. ఒప్పుకోకుండా కూడా చెప్పులు తొడగడం ఎలా సాధ్యమైందో, అది రాయాలి.

ఇదంతా మా ఇంట్లో చదివి వినిపించి ఉంటే ఆనాడే పట్టుబడేదాన్ని. పట్టుబడలేదు, ఎందుకంటే ఇంగ్లీషులో రాశాను. ఎవరి గురించి రాశానో వాళ్లకు అర్థంకాని భాష నన్ను కాపాడింది.

మా నేలకు ఇంకో చరిత్ర ఉండేది. పాయెగా అమీరు షమ్సుల్ ఉమరా ఫక్రుద్దీన్ ఖాన్ 19వ శతాబ్దం మొదటి సగంలోనే యూరపు శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి మార్పించి సొంత అచ్చుయంత్రం మీద వేయించాడు. షంషాబాద్ పేరులో ఉన్నది ఆ బిరుదేనని చెప్తారు. 1918లో మొదలైన ఉస్మానియాలో వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే చెప్పారు. అందుకోసం 1917లోనే దారుల్ తర్జుమా పెట్టి వందలాది పుస్తకాలు అనువదించారు. ఇది తల్చుకుని మురిసిపోవడం మనకు అలవాటు. కానీ ఆ సంస్థానంలో తెలుగు మాట్లాడే రైతు కొడుక్కి ఆ ఉర్దూయే గోడ. దూది ఏకే మా ముత్తాతకూ గోడే. భాష మనదైతే చాలదు. రాసినది ఎవరి చెవిన పడుతుందన్నది కూడా చూడాలి.

చదువుల రాతలో ఇది చేయలేమని కాదు. తెలుగు కవి అఫ్సర్ అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయప్ప మీద ఇంగ్లీషులో రాసిన 'ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్' 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వచ్చింది. అందులో పీర్ల భక్తితోబాటు ఆ భక్తిని ప్రశ్నించే సంస్కరణవాదాన్నీ చర్చించారు. అది చదివి సిగ్గుపడ్డాను. నా వ్యాసం అప్పటికే గ్రంథాలయంలో అట్ట వేసుకుని కూర్చుంది.

2014లో ఒక ఆదివారం దాని ముఖ్యమైన అధ్యాయాన్ని మా ఇంటి తెలుగులోకి మార్చి చదివి వినిపించాను. దాదీమా మంచం మీద, భాయిజాన్ గడపలో.

"ఈ నాలుగు ఎవరు?" అంది దాదీమా.

"నువ్వే."

"ముందు అడిగింది నన్నే గదా, నాలుగోదాన్ని ఎట్లయిన?"

భాయిజాన్ నవ్వాడు. తర్వాత, "అందరున్నరు, నేనేడున్న?" అన్నాడు. నేను చెప్పలేకపోయాను. చాలాసేపటికి అతనే, "నేను కొట్లాడుత అని రాయి, పర్వాలే. తీస్కపోత అని గూడ రాయి" అన్నాడు.

విల్లు సంగతికి మాత్రం దాదీమా అడ్డం చెప్పింది. "ఇప్పుడే వద్దు. చిన్నదాని పెండ్లి కానీ. అటెన్క రాస్కో." నిజం రాయడం నా హక్కని వాదించవచ్చు. ఆ నిజానికి వెల కట్టేది మా చెల్లెలైనప్పుడు ఆ హక్కు నా ఒక్కదానిదెట్లా అవుతుంది? ఆగాను. చెల్లెలి పెళ్లయింది. 2019లో దాదీమా పోయింది. ఇప్పుడు రాస్తున్నాను. ఇక్కడ కూడా ఎవరి పేర్లూ లేవు. అప్పుడు పేరు తీసేయమన్నది నియమం. ఇప్పుడు నన్ను ఆపుతున్నది వాళ్లకు నేనిచ్చిన మాట.

పరిశోధన చేస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పేదొకటే. 'మేం' అని రాసినా, 'వారు' అని రాసినా దాచాలనుకుంటే దేన్నయినా దాచవచ్చు. ఆధారం అడిగినవాళ్లను శత్రువులనుకోకండి. ఆధారం ఎవరి బీరువాలో ఉందని మీరూ తిరిగి అడగండి. సమర్పించే ముందు ఆ కాగితాలు ఇంటికి పట్టుకెళ్లండి. ఎవరి గురించి రాశారో వాళ్ల భాషలో, వాళ్ల ముందు చదవండి. మీ గొంతు ఏ వాక్యం దగ్గర తడబడిందో చూసుకోండి. అక్కడనుంచి మళ్లీ రాయండి.