సంతవీధిలో నిలిచియున్న పనివాడు

(ధ్యాన భాగములు: మత్తయి 20:1–16, నిర్గమకాండము 4:1–5)



ద్రాక్షతోట యజమానుని ఉపమానము మనమందరము ఎరిగినదే. ప్రొద్దు గ్రుంకవచ్చిన వేళ అతడు మరల బయలుదేరి చూడగా ఇంకను కొందరు పని లేక నిలిచియుండిరి. కారణమడుగగా, తమ్మును ఎవరును కూలికి పిలువలేదని వారు చెప్పిరి. అతడు ఆ మాటను నమ్మెను. సోమరులని వారిని గద్దింపక తన తోటలోనికి పంపెను. పని పోగొట్టుకొనినవానితో మాటలాడువారికి ఇది మొదటి పాఠము.

ఒక అచ్చుకూటమును తలంచుడి. ఒకప్పుడు ఇటువంటి సంఘపత్రికలలోని ప్రతి అక్షరమును కంపోజిటరు సీసపు అచ్చులలోనుండి ఏరి చేతితో కూర్చెడివాడు. కంప్యూటరు వచ్చిన పిమ్మట కొలది ఏండ్లలోనే ఆ పని కనుమరుగాయెను. ముప్పది ఏండ్లు నమ్మకముగా పనిచేసినవాడు ఎవరికిని అక్కరలేనివాడాయెను. అతడు చేసిన తప్పేమి? ఏమియు లేదు. అయినను చుట్టములు “ప్రయత్నము చాలలేదు” అందురు. సంఘములోనివారు “ప్రార్థన చాలలేదు” అందురు. యోబు స్నేహితులు నేటికిని మన మధ్యనున్నారు!

ఇట్టివారికి ఆలోచన చెప్పుట నేడొక వృత్తియైనది. అమెరికాలోని బోస్టను పట్టణములో ఫ్రాంక్ పార్సన్సు అనునాయన యువజనులకు వృత్తి ఎన్నికలో తోడ్పడుటకై 1908లో ఒక కార్యాలయమును ప్రారంభించెను. ఆయన మరణానంతరము 1909లో వెలువడిన గ్రంథములో మూడు మెట్లు చూపబడినవి: మనుష్యుడు మొదట తన్నుతాను ఎరుగవలెను, తరువాత పనుల స్థితిగతులను ఎరుగవలెను, పిమ్మట ఈ రెంటిని సరిచూచి తీర్మానించుకొనవలెను. మన దేశములోను కేంద్ర ప్రభుత్వము 2015లో ఇట్టి తోడ్పాటుకొరకు నేషనల్ కెరీర్ సర్వీసును ప్రారంభించినది.

మంచి సలహాదారుడు కంపోజిటరుతో, పాత పని తిరిగి వచ్చునని చెప్పడు. లేని నెమ్మదిని ఉన్నదని పలుకుట యిర్మీయా నాటి అబద్ధ ప్రవక్తల దోషము. అట్లని, నీ కాలము ముగిసినదనియు చెప్పడు. దేవుడు మోషేను అడిగినట్లు, చేతిలో ఏమున్నదని అడుగును. మోషే చేతనున్నది కాపరి కఱ్ఱయే. దానితోనే అతడు ఫరో ఎదుటికి పోయెను. కంపోజిటరు చేతిలో ఏమున్నది? అక్షర దోషములను పట్టు కన్ను, పుటను తీర్చు నేర్పు, గడువులోగా పని ముగించు అలవాటు. సీసపు అక్షరములు పోయినను ఇవి పోలేదు. ప్రూఫులు దిద్దుటకైనను, కంప్యూటరుపై పుటలు కూర్చుటకైనను ఇవే పెట్టుబడి. నేర్వవలసినది లేకపోలేదు, గాని ఓనమాలనుండి మొదలుపెట్టనక్కరలేదు.

అయితే ఇచ్చట ఒక చిక్కు ప్రశ్న గలదు. మారుమని ఎల్లప్పుడు పనివానికే చెప్పుట న్యాయమా? మార్పువలన లాభపడువారు ఒకరు, దాని భారమును మోయువారు వేరొకరు. ఏబది ఏండ్లు దాటినవాడు ఆరు నెలలు క్రొత్త పని నేర్చుకొనుచుండగా ఇంట పొయ్యి ఎట్లు వెలుగును? ఈ ప్రశ్నను మరచిన సలహా, ఎంత తెలివిగలదైనను, ప్రేమ లేనిదే. ఉపమానములోని యజమానుడు చివరి గంటకు వచ్చినవానికిని దినమంతటి కూలి ఇచ్చెను. గంటసేపే పని దొరికినవాని ఇంటిలోను ఆకలి దినమంతటిదే గదా!

కావున సహోదరులారా, ఈ పరిచర్యలో మనకును పాలున్నది. యౌవనస్థులు అట్టివానికి కంప్యూటరు నేర్పవచ్చును. కొలువులోనున్నవారు ఖాళీల సంగతి తెలుపవచ్చును. సంఘపు ధర్మనిధి ఆ నేర్చుకొను నెలలకు బియ్యమియ్యవచ్చును. వీటన్నిటికంటె ముందుగా, తన్ను ఎవరును పిలువలేదని అతడు చెప్పునప్పుడు ఆ మాట నమ్ముదము.

పనులు మారును, పిలుచువాడు మారడు. సాయంకాలపు గంటలోను ఆయన సంతవీధికి వచ్చుచునేయున్నాడు. ఆయన వెంట మనమును వెళ్లుదుము గాక. ఆమేన్.