చెదకూ ఒక వంశం

చెరకు ముచ్చె నాటాక మొలక రాని చోట తవ్వి చూస్తే, ముచ్చె పైకి నిండుగానే కనిపిస్తుంది. చీల్చితే లోపల గుజ్జు ఉండదు, తడిమట్టి ఉంటుంది. కోసిన కొనల్లోంచి దూరిన చెద, తిన్నంత మేరా మట్టితో పూడ్చేసి పోతుంది. బోధన్ రైతుకు చెద అంటే మందు పెట్టాల్సిన పురుగు, అంతే. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక చెరకు తగ్గింది. గట్ల మీద పుట్టలు మాత్రం తగ్గలేదు.

ఈ చెదను నేను వేరే కళ్లతో చూడటానికి కారణం 2011లో వెలువడిన ఒక పరిశోధన. సూరత్ వైపు లిగ్నైట్ గనుల్లో బొగ్గుతో పాటు ఆంబర్ ముక్కలు దొరుకుతాయి. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట చెట్లు కార్చిన జిగురు అది. ఆ చెట్లది మనం పొగ వేసుకునే గుగ్గిలం చెట్టు కుటుంబమే. మైకేల్ ఎంగెల్, డేవిడ్ గ్రిమాల్డి, హుకం సింగ్ తదితరులు ఆ ముక్కల్లో చిక్కుకున్న చెదలను పరిశీలించి నాలుగు కొత్త జాతులను వర్ణించారు. వాటిలో మూడు అప్పటికి తెలిసిన ఏ ప్రజాతిలోనూ ఇమడలేదు. వాటి కోసం మూడు కొత్త ప్రజాతులు ఏర్పరచాల్సి వచ్చింది. అందులో ఒకటైన నానోటెర్మెస్, టెర్మిటిడే కుటుంబానికి అప్పటికి దొరికిన తిరుగులేని సాక్ష్యాల్లో అన్నిటికన్నా పాతది. ఇవాళ బతికున్న చెద జాతుల్లో చాలా భాగం ఆ కుటుంబానివే. మన గట్ల మీద పుట్టలు కట్టేవీ అందులోవే.

తొలకరి పడిన రాత్రి నిజామాబాద్ వీధి దీపాల కింద ఉసిళ్లు రాల్చే రెక్కల్లో ఒకటి తీసి చూడండి. నాలుగు రెక్కలూ ఇంచుమించు ఒకే పొడవు. మొదట్లో అడ్డంగా సన్నని గీత ఉంటుంది, రెక్క సరిగ్గా అక్కడే తెగుతుంది. ఆ రెక్కల్లోని ఈనెలు, మీసాల్లోని పూసలు, దవడ పళ్లు చూసే శాస్త్రవేత్తలు చెద వంశాన్ని తేలుస్తారు. ఎంత తేడా ఉంటే వేరే ప్రజాతి అనాలో ప్రకృతి గీత గీసి పెట్టలేదు. అది మనిషి తీర్పు. అయితే ఆ తీర్పు చెప్పాలంటే ముందు తెలిసిన ప్రజాతులన్నిటినీ పక్కన పెట్టి పోల్చాలి. చచ్చిన ఒక్క పురుగు కోసం బతికున్న వందల పురుగులను చూడక తప్పదు. నన్ను కదిలించింది ఆ శ్రమే.

మన దగ్గర నాగుల పంచమికి పుట్టలో పాలు పోసే చేతులే ముచ్చెలను మందులో ముంచి తీస్తాయి. మొక్కేది పాముకి, మందు పెట్టేది చెదకు. పుట్ట కట్టిన ప్రాణి ఎవరో, ఏ జాతిదో మాత్రం ఎవరమూ అడగం. గుగ్గిలంలో చిక్కిన దానికి దక్కిన చూపు మన గట్టు మీది దానికీ దక్కాలి. ముచ్చె తొలిచేది ఏది, రాలిన ఆకు తిని నేలకు మేలు చేసేది ఏది అన్నది తేలాకే మందు డబ్బా మూత తీయాలన్నది నా పట్టుదల.

ఈ శాస్త్రంలో నేను గౌరవించేది ఇంకొకటి ఉంది. పేరుకు ఆధారమైన నమూనాను దాచి ఉంచుతారు. రేపు ఎవరైనా దాన్ని మళ్లీ భూతద్దం కింద పెట్టి, ఇది వేరే ప్రజాతి కాదు, ఫలానా దానిలోదే అని రుజువు చేస్తే, ముందు పెట్టిన పేరే నిలుస్తుంది, కొత్త పేరు పక్కకు తప్పుకుంటుంది.