కరువు సీమకు వేడుక తగునా?

చైత్రం వచ్చేసరికి రాయలసీమలోని శింగనమల చుట్టుపక్కల మెట్ట పొలాల్లో చెప్పుకోదగ్గ పని ఉండదు. వేరుశనగ కట్టె ఎప్పుడో వామి వేసి ఉంటుంది. మళ్లీ విత్తనం మాట ఎత్తాలంటే మృగశిర కార్తె రావాలి. ఈ ఖాళీలోనే తిరునాళ్లు, జాతరలు, ఎద్దుల బండలాగుడు పోటీలు, చెక్కభజనలు, తెల్లవార్లూ సాగే తోలుబొమ్మలాటలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే, అదీ నమ్మకం లేకుండా, వాన పడే జిల్లాలో అప్పులు తీరని ఇళ్ల మధ్య ఈ సంబరం ధర్మమేనా? అడగవలసిన ప్రశ్నే. కాని దాన్ని ఖర్చు లెక్కగా మాత్రమే చూస్తే సగం అడిగి ఊరుకున్నట్టు. వేడుక కడుపు నిండినవాడికే చెల్లుతుందా, మనిషై పుట్టిన ప్రతివాడికీ చెల్లుతుందా అన్నది తేల్చుకోవాలి.

ఏ లోటూ లేని బ్రహ్మం ఈ లోకాన్ని ఎందుకు సృష్టించినట్టు అన్న ఆక్షేపణకు బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో బాదరాయణుడి సమాధానం ఒక్కటే: లీల. దాన్ని వివరిస్తూ శంకరులు రెండు పోలికలు చెప్పారు. కోరికలన్నీ తీరిన రాజు సరదాగా విహరించడం మొదటిది. ఏ ప్రయోజనమూ తలచకుండా ఊపిరి ఆడడం రెండోది. కావేరి, కొల్లిడం మధ్య ద్వీపంలో నీళ్ల నడుమ వెలసి, ఏడాది పొడవునా ఉత్సవాలు చేసుకునే శ్రీరంగానికి మొదటి పోలిక చక్కగా అమరుతుంది.  శ్రీరంగరాయల చెరువు నిండుతుందో లేదో ఏటా ఎదురుచూసే శింగనమలకు మాత్రం అది అతకదు. ఇక్కడ కోరికలు తీరినవారెవరు? ఇక్కడి సంబరానికి రెండో పోలికే సరి. అన్నీ సమకూరాక ఊపిరి పీలుద్దామని ఎవరూ ఆగరు.

లీల అన్న మాట వెంటనే, ఆ పక్క సూత్రంలోనే, దేవుడికి పక్షపాతం, నిర్దయ అంటగట్టవలసి వస్తుందన్న అభ్యంతరం ఎదురవుతుంది. ఆట గురించి చెప్పగానే బాధ గురించి సమాధానం చెప్పుకోవలసి వచ్చిందన్నమాట. ఈశ్వరుడు వానవంటివాడని, వాన అన్ని గింజలకూ సమానమేనని, మొలకల్లో తేడా ఆయా గింజల స్వభావాన్ని బట్టి వస్తుందని, అలాగే ప్రాణుల తేడాలకు వాటి కర్మే కారణమని శంకరుల జవాబు. ఈ పోలిక మన సీమలో గుచ్చుకుంటుంది. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అడ్డుకుంటాయి, ఈశాన్య రుతుపవనం ఇక్కడికి చేరేసరికి చాలావరకు ఉడిగిపోతుంది. వానే సమానంగా లేని చోట లోపం గింజదని ఎలా అంటాం? శంకరులు దేవుడిపై నిందను తొలగించడానికి చెప్పిన తర్కాన్ని పొరుగువాడి కరువుకు వాడి కర్మే కారణమని తేల్చడానికి వాడడం నా దృష్టిలో అన్యాయం. ఊళ్లు ఆ పని చేయలేదు. వానకోసం విరాటపర్వం చదివించాయి, బొమ్మలాట ఆడించాయి. దానివల్ల వాన కురుస్తుందని నేను వాదించను. కరువును ఒక్కొక్కరి పాపంగా పంచకుండా ఊరంతా కలిసి ఒక రాత్రి మేలుకుందే, అది నాకు ముఖ్యం. 2020లో పద్మశ్రీకి ఎంపికైన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు ఊరైన నిమ్మలకుంట బొమ్మలనే చూడండి. తెల్లని తెర మీద మేకతోలు రాముడు, రావణుడు రంగులీనుతూ కదులుతుంటారు. యుద్ధం ముదిరేవేళకు జుట్టుపోలిగాడు, బంగారక్క తగవులాడుకుంటూ తెర మీదికి దూకుతారు. కునికిపాట్లు పడేవాళ్లు లేచి నవ్వుతారు. ఆ నవ్వు రామకథకు అడ్డమని ఆడేవాళ్లూ అనుకోరు, చూసేవాళ్లూ అనుకోరు.

వేమన ఇవన్నీ వట్టి ఆర్భాటమని కొట్టిపారేయలేదా అనవచ్చు. కటారుపల్లిలో సమాధి ఉన్న ఆ యోగి మనసు లేని పూజను, కులగర్వాన్ని తెగనాడాడు. నలుగురు గుండ్రంగా చేరి చెక్కలు వాయిస్తూ గజ్జెకాళ్లతో అడుగు వేయడాన్ని ఆ నిందలోకి లాగనక్కరలేదు. అప్పు సంగతి మాత్రం వేరు. దానికి తప్పించుకునే జవాబు లేదు. ఇంటికింత అని చందా కట్టి, ఇవ్వలేనివాణ్ణి పదిమందిలో నిలదీసే తిరునాళ్లు లీల కాదు, పన్ను. పక్క ఊరికంటే పెద్ద ప్రభ కట్టాలన్న పంతమూ అంతే. తేరు తాడు పట్టడానికి ఒక వాడవాళ్లను రానీయకపోతే అది వేడుకే కాదు. ఊపిరికి కులం లేదు. కాబట్టి తిరునాళ్లు మానమని ఊరి పెద్దలను అడగను. చందా ఎవరి మీదా రుద్దవద్దని, జమాఖర్చులు గుడి గోడమీద రాయించాలని, తాడు ఎవరు పట్టుకున్నా కాదనవద్దని మాత్రం అడుగుతున్నాను.